ఇరవై నాలుగు సైజు

నా ఎత్తు ఆరడుగుల నాలుగంగుళాలు. సెంటీమీటర్లలో 193. బళ్లో నన్ను తాటిచెట్టు అనేవాళ్లు, ఆఫీసులో కాస్త మర్యాదగా టవర్ అంటారు. ఆర్టీసీ బస్సులో కూర్చుంటే నా మోకాళ్లు ముందు సీటాయన వీపులో దిగబడతాయి. రెడీమేడ్ ప్యాంట్లు చీలమండ పైనే ఆగిపోతాయి. వీటన్నిటికీ ఎప్పుడో అలవాటు పడిపోయాను. సైకిల్‌కి కూడా అలాగే అలవాటు పడొచ్చులే అనుకుని మోకాలు పాడు చేసుకున్నాను.

పోయిన ఏడాది వేసవిలో రక్తపరీక్ష చేయిస్తే షుగర్ గీత మీద ఉందన్నారు. బరువు 98 కిలోలు. నడవమన్నారు. నడక నాకు పరమ బోరు. మేముండేది హైదరాబాద్ మణికొండలో. నార్సింగి దగ్గర అవుటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పలకల కప్పు వేసిన సైకిల్ ట్రాక్ ఉంది కదా, 2023 అక్టోబరు 1న తెరిచారు, దాని మీద వంకీ తిరిగిన హ్యాండిళ్ల సైకిళ్లు సర్రున పోతుంటే కారులోంచి చూసి చాలాసార్లు ముచ్చటపడ్డాను. సరే, అలాంటిదే కొందాం అనుకున్నాను.

వీటిని ఇంగ్లీషులో రోడ్ బైక్ అంటారు. ఆ మాట మా అమ్మతో ఫోన్లో అనడం నేను చేసిన మొదటి పొరపాటు. "బైకా? ఈ వయసులో బైకేంట్రా, కారుంది కదా!" అని ఫోన్ పెట్టేదాకా అదే గోల. సైకిలేనమ్మా అని చెప్పాక ఊపిరి పీల్చుకుంది. తర్వాత రేటు చెప్పాను. "ఆ డబ్బుకి సెకండ్ హ్యాండ్ స్కూటీ వస్తుంది కదరా" అంది. ఆవిడ లెక్క తప్పేమీ కాదు.

రెండో పొరపాటు మొదటి సైకిల్. ఒక పెద్ద ఆన్‌లైన్ అంగడిలో 14,200 రూపాయలకు కనబడింది. వంకీ హ్యాండిల్, సన్న టైర్లు, నల్ల రంగు, నాలుగున్నర నక్షత్రాలు. సైజు దగ్గర "700సి" అని ఉంది. కింద "5 అడుగుల 4 అంగుళాల నుంచి 6 అడుగుల 3 అంగుళాల వరకు" అని ఉంది. నాకూ వాళ్లకీ తేడా ఒక్క అంగుళమేగా అనుకున్నాను. అయినా అనుమానం వచ్చి అమ్మేవాళ్లకు చాట్‌లో మెసేజ్ పెట్టాను. "అన్ని ఎత్తులకూ సరిపోతుంది సార్" అని రెండు నిమిషాల్లో జవాబు. ఐదడుగుల మనిషికీ ఆరడుగుల నాలుగంగుళాల మనిషికీ ఒకే చొక్కా సరిపోతుందంటే నమ్మను కదా, సైకిల్ అనేసరికి ఎలా నమ్మానో నాకే తెలీదు.

ఇక్కడ ఒక్క ముక్క చెప్పాలి. 700సి అనేది చక్రం సైజు. 26 అంగుళాలు, 29 అంగుళాలు అని పెద్దక్షరాల్లో రాసేవి కూడా చక్రం కొలతలే. మనిషి ఎత్తుకి సరిపోవాల్సింది ఫ్రేము. దాని కొలత పేజీలో అట్టడుగున ఉంటుంది, లేదా ఉండదు. నేను కొన్నదానికి ఉంది, 19 అంగుళాలు అని. కొన్న మూడు వారాలకు చూశాను.

మొదటి రోజు నుంచే ఏదో తేడా కొడుతోంది. సర్కస్‌లో ఎలుగుబంటి సైకిల్ తొక్కినట్టుంది నా వాలకం. మోకాళ్లు హ్యాండిల్ దాకా వస్తున్నాయి. సీటు పైకి లేపాను. సీటు గొట్టం మీద ఒక అడ్డగీత ఉంటుంది, అది ఫ్రేము లోపలే ఉండాలి, అంతకు మించి పైకి లాగకూడదు అని గుర్తు. గీత దాకా లేపినా కాలు చాపుకోలేకపోయాను. నాలుగో వారానికి మోకాలి చిప్ప ముందు భాగంలో నొప్పి మొదలైంది. మెట్లు దిగుతుంటే కలుక్కుమనేది. షుగర్ తగ్గించుకుందామని కొంటే మోకాలి బెల్టు కూడా కొనాల్సి వచ్చింది.

మా వీధి చివర సైకిల్ షాపాయన మంచివాడు. "పొడుగు గొట్టం వేసిస్తా సార్, 350 రూపాయలు" అన్నాడు. వేయించాను. సీటు లేచింది. కానీ సీటు గొట్టం నిలువుగా ఉండదు, వెనక్కి ఏటవాలుగా ఉంటుంది. సీటు 6 సెంటీమీటర్లు పైకి లేపితే దాదాపు 2 సెంటీమీటర్లు వెనక్కి కూడా పోతుంది. హ్యాండిల్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. దాంతో నేను బావిలోకి తొంగి చూస్తున్నవాడిలా వంగి తొక్కాల్సి వచ్చింది. మోకాలు కాస్త నెమ్మదించింది, నడుము పట్టేసింది.

మా ఆఫీసులో ఒక అన్న ఉన్నాడు. ప్రతి ఆదివారం తెల్లవారక ముందే బయల్దేరి వికారాబాద్ దాకా సైకిల్ మీద పోయి మధ్యాహ్నానికి ఇల్లు చేరే రకం. ఆయనకు నా కష్టమంతా చెప్పాను. నవ్వలేదు. "తమ్ముడూ, నీ కాలి పొడవెంత?" అని అడిగాడు.

ఎవరికి తెలుస్తుంది తన కాలి పొడవు? టైలర్‌కి తెలుస్తుందేమో. కానీ ప్యాంటు కొలత దీనికి పనికిరాదట. చెప్పుల్లేకుండా గోడకు ఆనుకుని, పాదాలు జానెడు ఎడంగా పెట్టి నిలబడాలి. గట్టి అట్ట ఉన్న లావు పుస్తకాన్ని కాళ్ల మధ్య పెట్టి, సీటు మీద కూర్చుంటే ఎంత ఒత్తుతుందో అంత గట్టిగా పైకి నొక్కాలి. పుస్తకం పై అంచు గోడకు తగిలిన చోట పెన్సిల్ గీత. నేల నుంచి ఆ గీత దాకా కొలత. మా ఆవిడ ఒక చేత్తో పెన్సిలూ ఇంకో చేత్తో టేపూ పట్టుకుని, "పెళ్లిచూపుల్లో ఇవన్నీ చెప్పలేదే" అంది. మూడుసార్లు కొలిచాం. 91.5, 92, 92. సరే, 92.

ఆ 92తో రెండు లెక్కలున్నాయి. ఒకటి, 0.883తో గుణిస్తే పెడళ్లు తిరిగే ఇరుసు మధ్య నుంచి సీటు పైభాగం దాకా ఉండాల్సిన ఎత్తు వస్తుంది. ఈ లెక్కను మూడుసార్లు టూర్ డి ఫ్రాన్స్ గెలిచిన అమెరికన్ గ్రెగ్ లెమాండ్ పేరుతో పిలుస్తారు. నాకు 81.2 సెంటీమీటర్లు వచ్చింది. నా సైకిల్‌కి, పాత గొట్టంతో గీత దాకా లేపితే, టేపు పెట్టి చూస్తే 75. ఆరు సెంటీమీటర్లు! మోకాలు నొప్పి పుట్టక ఏమవుతుంది? రెండో లెక్క పాతకాలపు ఫ్రేములది. పైబారు నేలకు సమాంతరంగా ఉండే సైకిళ్లకు 92ని 0.665తో గుణించాలి. 61.2 వచ్చింది. అంటే సీటు కింద గొట్టం 61 సెంటీమీటర్లున్న సైకిల్ నాది.

61 అనే అంకె ఎక్కడో విన్నట్టుంది కానీ అప్పుడు తట్టలేదు.

దసరాకి ఊరెళ్లాం. మాది మధిర దగ్గర పల్లెటూరు. నాన్న పోస్ట్‌మ్యాన్‌గా చేసి రిటైరయ్యారు. ఆయన సైకిల్ ఇంకా పశువుల కొట్టంలో గోడకు ఆనించే ఉంది, మీద గోనెసంచులు, కోడిపెట్ట. అట్లాస్. నల్ల రంగు పోయి తుప్పు రంగు మిగిలింది. ఆ బారు మీద కూర్చునే నేను బడికి వెళ్లాను. ఆ సైకిల్ మీదే, బారు కింద నుంచి కాలు దూర్చి కైంచీ తొక్కడం నేర్చుకున్నాను. తొమ్మిదో తరగతికి వచ్చేసరికి సీటెక్కి తొక్కినా పాదాలు హాయిగా అందేవి. ఊళ్లో మిగతా పిల్లలెవరికీ అందేది కాదు. నా ఎత్తు నాకు పనికొచ్చిన మొదటి సందర్భం అదే.

ఏదో గుర్తొచ్చి టేపు తెచ్చి సీటు కింద గొట్టం కొలిచాను. 24 అంగుళాలు. అంటే 61 సెంటీమీటర్లు.

"ఇరవై నాలుగు సైజు రా అది" అన్నారు నాన్న, నేను నేలమీద గొంతుక్కూర్చుని ఏం చేస్తున్నానో అర్థం కాక. "అందరూ ఇరవై రెండు కొనేవాళ్లు. నాకు కాళ్లు మడుచుకుపోతున్నాయని ఖమ్మంలో అడిగి తెప్పించుకున్నా." మా నాన్న ఆరడుగుల ఒక అంగుళం. లెమాండ్ ఎవరో ఆయనకు తెలీదు. రోజుకు పది పన్నెండు మైళ్లు తొక్కే మనిషికి ఏ సైజు కావాలో మాత్రం తెలుసు. నాకేమో ఫోన్లో నాలుగున్నర నక్షత్రాలు చాలాయి.

హైదరాబాద్ వచ్చాక ఆ నల్ల సైకిల్‌ని ఓఎల్ఎక్స్‌లో పెట్టాను. ఐదడుగుల ఏడంగుళాల డిగ్రీ కుర్రాడు వచ్చి 7,500 ఇచ్చి ఆనందంగా తొక్కుకుంటూ పోయాడు. వాడికి అది అతికినట్టు సరిపోయింది. సైకిల్ తప్పేమీ లేదు.

ఈసారి పద్ధతిగా వెతికాను. పద్ధతి అంటే ఎక్సెల్ షీటు. సాఫ్ట్‌వేర్ వాళ్లం, పెళ్లి సంబంధాలకు కూడా షీటు వేస్తాం.

బడ్జెట్ 40,000 అనుకున్నాను. డెకాథ్లాన్ వాళ్ల ట్రైబన్, జెయింట్, మెరీడా, స్కాట్, ఇంకా రెండు మూడు బ్రాండ్ల పేజీలు తెరిచి కూర్చున్నాను. ఇప్పటి సైకిళ్లకు పైబారు సీటు వైపు కిందికి వాలి ఉంటుంది కాబట్టి ఫ్రేములో సీటు కింద గొట్టం పొడవుతో ఏమీ తేలదు. నా 61 లెక్క అలా ఒక్క దెబ్బతో కొట్టుకుపోయింది. ఒక కంపెనీ 58 అంటుంది, ఇంకో కంపెనీ ఎక్స్‌ఎల్ అంటుంది, మూడోది 60 అంటుంది. ఇవి ఒకదానితో ఒకటి పోల్చేవి కావు. పోల్చాల్సింది రెండే, స్టాక్, రీచ్. పెడల్ ఇరుసు మధ్య నుంచి, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు దూరే గొట్టం పైకొస వరకు నిట్టనిలువుగా ఎంత ఎత్తుందో అది స్టాక్. అదే బిందువుకి అడ్డంగా ఎంత దూరముందో అది రీచ్. బ్రాండ్ల సైట్లలో జామెట్రీ అనే పట్టికలో ఈ రెండూ మిల్లీమీటర్లలో ఉంటాయి.

మా అన్న చెప్పిన సూత్రం, "పొడుగోడికి ముందు స్టాక్ చూడు. రీచ్ కొంచెం అటూ ఇటూ అయితే హ్యాండిల్‌ని పట్టుకునే స్టెమ్ మార్చుకుని సర్దుకోవచ్చు. స్టాక్ తక్కువైతే దేవుడు కూడా ఏం చేయలేడు." నాలాగా కొత్తగా మొదలుపెట్టి, పొట్ట కూడా ఉన్నవాడికి స్టాక్ 600 దాటితేనే చూడమన్నాడు. ఆ ఒక్క గీత గీసేసరికి షీట్లో 17 సైకిళ్లుంటే 5 మిగిలాయి. నిజంగా ఎంత తేలికైందో! అప్పటిదాకా రంగు, గేర్లు, ఎవరో కుర్రాడు చేసిన వీడియో రివ్యూ, ఇవన్నీ చూసి బుర్ర వేడెక్కించుకున్నాను.

గేర్ల గురించి కూడా తెగ చదివాను, కానీ ఇక్కడ రెండు ముక్కల్లో చెప్తా. గేర్ల సామాను చేసే షిమానో కంపెనీ వాళ్ల వరుస కింద నుంచి టూర్నీ, క్లారిస్, సోరా, టియాగ్రా, 105. పైకి పోయేకొద్దీ వెనక పళ్ల చక్రాల సంఖ్య పెరుగుతుంది, రేటూ పెరుగుతుంది. టూర్నీ షిఫ్టర్లలో ఒకవైపు గేరు మార్చాలంటే లోపలివైపున్న చిన్న బటన్‌ని బొటనవేలితో నొక్కాలి, హ్యాండిల్ కింది వంపు పట్టుకుని తొక్కుతుంటే అది అందదు. క్లారిస్‌లో రెండు పనులూ బ్రేకు పిడి దగ్గరే వేళ్లతో అయిపోతాయి. నాకు క్లారిస్ చాలనిపించింది. అంతే.

దానికంటే నేను ఎక్కువ ఆలోచించింది చక్రాల గురించి. తక్కువ చువ్వలున్న చక్రం ఫొటోలో అందంగా ఉంటుంది. 96 కిలోల మనిషి ఎక్కి మన స్పీడ్ బ్రేకర్ల మీద దూకిస్తే అందం ఎన్నాళ్లుంటుంది? 32 చువ్వలున్న అల్యూమినియం రిమ్ములే కావాలనుకున్నాను. టైరు కనీసం 28 మిల్లీమీటర్లు. ఇంకా లావు టైరుకి ఫోర్కులో చోటుందా అని కూడా చూశాను. గరిష్ఠ బరువు ఎంత రాశారో చదివాను. ఇవి ఎత్తైనవాళ్లు మర్చిపోతారు. ఎత్తుంటే బరువూ ఉంటుంది, ఎంత సన్నగా ఉన్నా.

ఇక అసలు కష్టం స్టాక్‌లో ఉంది. ఈ స్టాక్ జామెట్రీది కాదు, గోడౌన్‌ది. పేజీలో ఎక్స్‌ఎల్ అని రాసే ఉంటుంది. నొక్కితే బూడిద రంగులోకి పోతుంది. ఒకచోట నెలన్నరపాటు "త్వరలో" అనే ఉంది. ఒక షోరూముకి ఫోన్ చేస్తే, "ఎల్ తీస్కోండి సార్, సీటు లేపుకోవచ్చు" అన్నారు. నాకు ఒళ్లు మండింది. సీటు లేపిన చరిత్ర అంతా చెప్దామనుకుని ఊరుకున్నాను.

అయితే ఈ దరిద్రంలోనే ఒక అదృష్టం ఉంది. మా సైజు ఎవరికీ అక్కర్లేదు కాబట్టి, ఎక్కడైనా ఒకటి మిగిలిపోతే అమ్ముడుపోదు. నవంబరు రెండో వారంలో ఒక బ్రాండు సొంత సైట్‌లో ముందటేడు మోడల్ ఎక్స్‌ఎల్ ఒక్కటే ఒక్కటి కనబడింది. స్టాక్ 618, రీచ్ 398. క్లారిస్, ముందు రెండు పళ్ల చక్రాలు, వెనక ఎనిమిది. పెడల్ చేయి 175 మిల్లీమీటర్లు, హ్యాండిల్ 44 సెంటీమీటర్లు. అసలు రేటులో ఐదో వంతు తగ్గించారు. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, అదీ కలిసొచ్చింది. మొత్తం 43,800. బడ్జెట్ దాటింది. మా ఆవిడ వైపు చూశాను. "మోకాలి డాక్టరుకి ఎంత ఇచ్చావో గుర్తుందా?" అంది. కొనేశాను.

రంగు ఏమిటని అడగరేం? ముదురు ఆవపచ్చడి రంగు. నేను నా ఇష్టంతో అయితే జన్మలో కొనేవాణ్ణి కాదు. ఉన్నది ఒకటే అయినప్పుడు రంగు గురించి ఎవడడుగుతాడు?

పెట్టె ఐదు రోజులకు వచ్చింది. దాదాపు ఐదడుగుల అట్టపెట్టె. మా వాచ్‌మన్ ఫ్రిజ్ అనుకున్నాడు. లిఫ్టులో ఐమూలగా పెట్టి ముగ్గురం తోస్తే పట్టింది. తెరిచే ముందు నుంచి ఫోన్లో వీడియో తీశాను, ఏదైనా విరిగి ఉంటే సాక్ష్యంగా. ఏమీ విరగలేదు. వెనక గేరు మార్చే భాగం ఫ్రేముకి తగిలించే చిన్న కొక్కెం వంగిందేమో అది మాత్రం ప్రత్యేకంగా చూడమన్నాడు అన్న. వంగలేదు.

సైకిల్ ముక్కలుగా రాదు, చాలావరకు బిగించే వస్తుంది. ముందు చక్రం, హ్యాండిల్, సీటు, పెడళ్లు మనం పెట్టుకోవాలి. నాలుగు, ఐదు, ఆరు నంబరు ఎలెన్ కీలు, పెడళ్లకు పదిహేను నంబరు పానా ఉంటే చాలు. నేను రెండు గంటల్లో చేశాను, అందులో గంట ఎడమ పెడల్‌కే పోయింది. ఎంత తిప్పినా మర ఎక్కదు. ఇంకాస్త బలం పెడదామనుకుంటుండగా మా ఆవిడ కాగితం చదివి, "ఎడమది ఉల్టా తిప్పాలట" అంది. అవును, ఎడమ పెడల్‌కి మర తిరగేసి ఉంటుంది. బలం పెట్టి ఉంటే పెడల్ చేయి మరలు అరిగిపోయి ఒక్క రాత్రిలో ఇంకో సామాను కొనాల్సొచ్చేది.

ఫోర్కు సంగతి కూడా చెప్పాలి. పెట్టెలోంచి తీసేటప్పుడు ఫోర్కు వెనక్కి తిరిగి ఉంది. అలాగే చక్రం పెట్టి హ్యాండిల్ బిగించేశాను. ఫొటో తీసి అన్నకు పంపితే, "బ్రేకు ఫోర్కు వెనకాల ఉందేంటి తమ్ముడూ?" అన్నాడు. నా సైకిల్‌కున్నట్టు రిమ్మును పట్టే బ్రేకయితే ముందు బ్రేకు ఫోర్కుకి ముందువైపు ఉండాలి. మళ్లీ విప్పి మళ్లీ బిగించాను. అలా తిరగేసిన ఫోర్కుతోనే రోడ్డు మీద తిరిగే సైకిళ్లు మణికొండలోనే రెండు చూశాను తర్వాత. చెప్పాలా వద్దా అని ఇప్పటికీ మథనపడుతుంటాను.

మర్నాడు గాలి. మా పంక్చర్ షాపాయన టైరు చుట్టూ రెండుసార్లు తిరిగి, "దీనికి వాల్వేది సార్?" అన్నాడు. ఈ సైకిళ్లకు ప్రెస్టా అనే సన్న వాల్వు ఉంటుంది. మామూలు సైకిల్‌దీ కాదు, బండిదీ కాదు. పైన చిన్న ఇత్తడి మరను వదులు చేసి ఒకసారి నొక్కితే గానీ గాలి ఎక్కదు. బండి పంపు పట్టాలంటే బొటనవేలి గోరంత ఇత్తడి అడాప్టర్ కావాలి. 60 రూపాయలకు రెండు తెప్పించాను, ఒకటి ఆయనకే ఇచ్చాను. ఇప్పుడు ఆయన దాన్ని ముందరి డబ్బాలో భద్రంగా పెట్టుకుని, అలాంటి సైకిల్ ఎవరొచ్చినా గర్వంగా తీస్తున్నాడు.

ఆయన దగ్గరే ఇంకో చిక్కు కూడా తెలిసింది. "టైరు పోతే బెంగ లేదు సార్, 28 టైరు నా దగ్గరుంది" అని ఒకటి తీసి చూపించాడు. అది మా నాన్న అట్లాస్ టైరు, 28 ఇన్‌టూ ఒకటిన్నర. దాని రిమ్ము కొలత 635 మిల్లీమీటర్లు. 700సి రిమ్ము 622. రెండిటినీ 28 అంగుళాలనే పిలుస్తారు, ఒకదానిది ఇంకోదానికి ఎక్కదు. కాబట్టి స్పేర్ ట్యూబు, టైరు రెండూ ఆన్‌లైన్‌లో తెప్పించి పెట్టుకున్నాను. మీటరున్న నిలువు పంపు 1,400, హెల్మెట్ 1,900, లైట్లు 900, బెల్లు 120. సైకిల్ రేటు ఒక్కటే లెక్కేసుకుని దిగితే ఇక్కడ జేబు చిల్లు పడుతుంది. నా లెక్క మొత్తం 49 వేల దగ్గర ఆగింది.

ఆదివారం పొద్దున ఐదున్నరకు నార్సింగి వెళ్లాను. ట్రాక్ అక్కణ్ణుంచి కొల్లూరు దాకా 14.5 కిలోమీటర్లు, నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ వైపు ఇంకో 8.5. సీటు ఎత్తు టేపు పెట్టి 81 దగ్గర పెట్టుకున్నాను. మొదటి తొక్కుడులోనే కాలు కింద దాకా చాపుకుంది. ఎన్నేళ్లయిందో! తొమ్మిదో తరగతిలో అట్లాస్ సీటెక్కినప్పుడు ఎలా ఉందో అచ్చం అలా ఉంది. అరిచేద్దామనిపించింది కానీ పక్కన ఎవరో పెద్దావిడ తొక్కుతోంది.

10 కిలోమీటర్లు పోయి వెనక్కి తిరిగాను. మోకాలు కిక్కురుమనలేదు. చేతులు మాత్రం తిమ్మిరెక్కాయి. రెండు వారాలు చూసి, 110 మిల్లీమీటర్ల స్టెమ్ తీయించి 90ది వేయించాను, 850 అయింది. తిమ్మిరి పోయింది. గాలి కూడా మొదట్లో వంద పీఎస్ఐ కొట్టి ఎముకలు కదిలించుకున్నాను, ఇప్పుడు వెనక 85, ముందు 78. నా బరువుకి, 28 టైరుకి అది కుదిరింది. అంతకంటే బాగా తగ్గించి ఒకసారి గండిపేట వైపు వెళ్తే గుంతలో పడి ట్యూబుకి పక్కపక్కనే రెండు చిల్లులు పడ్డాయి, పాము కాటేసినట్టు. రిమ్ముకీ రాయికీ మధ్య ట్యూబు నలిగితే అలాగే పడతాయట.

కొల్లూరు పోయి రావడానికి ఇప్పుడు నాకు గంటా పావు పైనే పడుతుంది. ఇటలీలో ఫిలిప్పో గన్నా అని ఒకాయన ఉన్నాడు, సరిగ్గా నా ఎత్తే, 193. 2022 అక్టోబరు 8న స్విట్జర్లాండ్‌లో గంటలో 56.792 కిలోమీటర్లు తొక్కాడు. ఎత్తుంటే గాలి ఎక్కువ తగులుతుంది కాబట్టి నేను నెమ్మదిగా పోతున్నానని ఇన్నాళ్లూ మా అన్నకు చెప్పుకుంటూ వచ్చాను. ఆయనే నాకు ఈ గన్నా వీడియో పంపాడు. కింద ఒక్క మాట కూడా రాయలేదు.

సంక్రాంతికి చక్రాలు విప్పి కారు వెనక సీట్లో వేసుకుని ఊరికి తీసుకెళ్లాను. వాకిట్లో బిగించి గోడకు ఆనించగానే నాన్న చుట్టూ తిరిగి చూశారు, అప్పట్లో ఎడ్లను చూసినట్టు.

"స్టాండేదిరా?"

"దీనికి ఉండదు నాన్నా."

"మడ్‌గార్డులు?"

"ఉండవు."

"క్యారియరు?"

"ఉండదు."

"మరి ఇంత పెట్టి ఏం కొన్నావురా?"

సీటు కింద గొట్టాన్ని జానతో కొలిచారు. రెండు జానలు, పైన నాలుగు వేళ్లు. "ఇరవై నాలుగు లేదే ఇది" అన్నారు. బారు కిందికి వాలి ఉంది నాన్నా, ఇప్పుడు లెక్క వేరు అని స్టాక్ గురించి చెప్పబోయాను. ఆయన వినలేదు. నన్ను సీటెక్కమని, పెడల్ కిందికి పోనిచ్చి, పక్కన కూర్చుని నా మోకాలి వెనక చెయ్యి పెట్టి చూశారు, కొద్దిగా వంగి ఉందా లేదా అని. లేచి, "సరిపోయింది" అన్నారు.

తర్వాత టైరుని బొటనవేలితో నొక్కారు. "గాలి ఎక్కువైంది. ఎండలో పెట్టావంటే పేలుద్ది, కొంచెం తీద్దాం ఉండు" అంటూ వాల్వు మూత విప్పారు. ఆ చిన్న ఇత్తడి మర చూసి, ఇదేదో అడ్డంగా ఉందని దాన్నీ వదులు చేసి వేలితో నొక్కారు. బుస్సుమని మొత్తం పోయింది. కొట్టంలో కోడిపెట్ట ఎగిరి అట్లాస్ మీంచి దూకింది. పంపు హైదరాబాద్‌లో ఉంది. అడాప్టర్ పంక్చర్ షాపాయన డబ్బాలో ఒకటి, మా ఇంట్లో హెల్మెట్ పక్కన ఒకటి.

"మధిరలో దొరుకుద్దేమో చూద్దాం పద" అని నాన్న చొక్కా వేసుకోవడానికి లోపలికి వెళ్లారు.